రాళ్ళ మీద కూర్చున్న ఇల్లు

మా ఇంటి నుంచి,
ఎండలు ముదురుతున్నాయి.

ఒసేయ్ పొట్టీ,

నీ ఉత్తరం అందింది. చదివిపెడతానని మీ వదిన చెయ్యి చాపింది. ఇవ్వలేదు. కూడబలుక్కుంటూ నేనే చదువుకున్నాను. చదివాక, ఆ వచ్చిన నాలుగు అక్షరాలు కూడా నేర్చుకోకుండా ఉండాల్సింది అనిపించింది.

కుట్టు కొట్టు అమ్మేశావు. సరే. మోకాళ్ళు పట్టేసి మిషను తొక్కలేకపోతున్నావు, అమ్మావు. వచ్చిందంతా పెట్టి సరస్సు ఒడ్డున ఇల్లు కొన్నావు. సెలవులకు గాలి మార్పు కోసం వచ్చేవాళ్ళకు అద్దెకిచ్చుకుని బతుకుతానంటున్నావు. అదీ ఒప్పుకుంటాను. కానీ ఇల్లు మాత్రమే నీదని, కింద నేల లీజుదని, చివర్లో మూలకు ఇరికించి రాశావే! నాకు కనపడదనుకున్నావా?

నేల నీది కాకపోతే నువ్వు కొన్నదేమిటే? నాలుగు గోడలూ ఒక కప్పూనా? నేనెవర్నో మరిచిపోయినట్టున్నావు. పునాదుల మేస్త్రిని. గోడ ఎవడైనా లేపుతాడు. రంగు ఎవడైనా పూస్తాడు. కింద ఏముందో చూసుకునేవాడే మేస్త్రి. ఈ ఊళ్ళో ఏ మేడ తలెత్తుకు నిలబడినా దాని కాళ్ళ దగ్గర నా చెమట ఉంది. అలాంటివాడి తోడబుట్టి, పరాయివాళ్ళ నేల మీద ఇల్లు కొన్నావని నలుగురికీ తెలిస్తే నా మొహం ఎక్కడ పెట్టుకోను?

"ఆవిడేం చిన్నపిల్లా? అరవై దాటింది. ఆవిడకు తెలియదా?" అంటోంది మీ వదిన. నోరు మూసుకోమన్నాను. మూసుకోలేదు. ఎప్పుడు మూసుకుంది కనక!

నేల ఎవరిది, లీజు ఎన్నాళ్ళుంది, కాగితాలు ఎవరు చూశారు, అన్నీ విడమరిచి రాయి. ఫోను చెయ్యకు. కాంక్రీటు మిషను పక్కన నిలబడి నిలబడి నా చెవులు ఏనాడో మందగించాయి. ఫోనులో నువ్వు తిట్టినా పొగిడినా నాకు ఒకటే.

మీ అన్న


సరస్సు ఒడ్డు ఇల్లు,
వరండా మెట్ల మీద నుంచి.

అన్నయ్యా,

నీ ఉత్తరం చదువుతుంటే నువ్వు నా నెత్తిమీద నిలబడి అరుస్తున్నట్టే ఉంది. రాతలో కూడా ఇంత గొంతు ఎలా పెడతావో!

నేల ఒకావిడది. ఈ వాలంతా ఆవిడ మేత భూమి. ఇళ్ళ మధ్యే ఆవిడ గొర్రెలు మేస్తుంటాయి. అందరూ గొర్రెలావిడ అంటారు, ఎదురుగా కూడా అలాగే పిలుస్తారు, పలుకుతుంది. ఇక్కడ అందరిదీ నా సంగతే. ఇల్లు కొన్నవాళ్ళది, నేల ఆవిడది. ఏడాదికోసారి నేల అద్దె కడతాం. లీజు నాకంటే ఎక్కువ కాలమే బతుకుతుంది. నేల కూడా కొనాలంటే నా కొట్టు అమ్మిన డబ్బుకు ఈ ఒడ్డున ఒక కిటికీ కూడా వచ్చేది కాదు.

ఇక ఇల్లు. చెక్క ఇల్లు. రెండు పడకగదులు, ఒక హాలు, వంటగది, నీళ్ళ వైపు వరండా. నేను కుట్టుపనిదాన్ని కదా, కుట్టిన చొక్కాను చూసినట్టు లోపలి వైపు తిప్పి చూశాను. పైన మెరుపు ఎవరికైనా కనిపిస్తుంది, అతుకులు చూడాలి. అటక ఎక్కాను. నడుం పట్టేసినా సరే, పాకుతూ ఇంటి కిందకు దూరాను. దూలాలు గోటితో గిల్లి చూశాను. పుచ్చు లేదు, తేమ లేదు. బయటికి వచ్చేసరికి నా జుట్టు నిండా సాలెగూళ్ళు. అమ్మినాయన భార్య దువ్వెన తెచ్చి ఇచ్చింది.

ఇంకో సంగతి ఉంది. ముందు కాసిని మంచినీళ్ళు తాగి, తరవాత చదువు. ఇక్కడ ఇళ్ళకు పునాదులుండవు. పేర్చిన రాళ్ళ మీద కూర్చుంటాయి. పెద్ద వానలకు ఒడ్డు జారుతుందట. అప్పుడు ఇంటిని జాకీలతో లేపి, దుంగల మీదికి ఎక్కించి, వాలు పైకి లాగుతారట. ఈ వరసలో ప్రతి ఇల్లూ ఒకసారైనా నడిచినదేనట.

ఒకసారి వచ్చి చూసి తిట్టు. వదినను కూడా తీసుకురా.

నీ పొట్టి


మా ఇంటి నుంచి.

పొట్టీ,

మంచినీళ్ళు తాగాను. అయినా నువ్వు రాసింది గొంతు దిగలేదు.

ఇల్లు లాగడమేమిటే? అదేమన్నా తోపుడు బండా? అమ్మినవాడు నీ చెవిలో పువ్వు పెట్టాడు. పునాది తవ్వడానికి ఒళ్ళు వంగక రాళ్ళు పేర్చి ఊరుకున్నారు, ఆ సోమరితనానికి ఒక కథ అల్లారు. అంతే.

ఇంటి కిందకు దూరి చూశావన్న ముక్క మాత్రం మీ వదినకు రెండుసార్లు చదివి వినిపించాను. ఇళ్ళు కొనే పెద్దమనుషుల్ని ఎంతమందిని చూడలేదు! గోడ మీద తట్టి, తల పంకించి, కారెక్కి పోతారు. ఒక్కడూ వంగడు. మా పొట్టి వంగింది.

వస్తున్నాను. మీ వదినకు బస్సు పడదు, నేనొక్కణ్ణే. ఊరికే చూసి పోవడానికే. నా సంచిలో పనిముట్లు కనపడితే కంగారు పడకు. అవి లేకుండా నేను పెళ్ళిళ్ళకు కూడా వెళ్ళను.

మీ అన్న


మా ఇంటి నుంచి,
తిరిగి వచ్చిన వారం.

పొట్టీ,

క్షేమంగా చేరాను. నీ ఇల్లు బాగుంది. ఈ ఒక్క మాట రాయడానికి నేను ఎంతసేపు కలం పట్టుకు కూర్చున్నానో మీ వదినను అడుగు.

అక్కడ ఉన్నప్పుడు నోటితో అనలేదు, ఇప్పుడు రాస్తున్నాను. ఏ రెండు కిటికీలూ ఒక కొలత కాదని ఒక్కో పరదా విడిగా కత్తిరించావు. నీళ్ళ వైపు గాలి ఎక్కువని అంచుల్లో సీసం గుళ్ళు పెట్టి కుట్టావు. పరుపు గలీబులకు గుండీలు అడుగు వైపు పెట్టావు, పడుకున్నవాడికి గుచ్చుకోకుండా. ఆ సంగతి పడుకున్నవాడికి ఎప్పటికీ తెలియదు. హాయిగా పడుకుంటాడు, పోతాడు. మనది ఒకే పని అని నాకు ఇన్నాళ్ళూ తట్టలేదే! నువ్వూ కనపడని చోటే చేస్తావు.

ఇప్పుడు అసలు సంగతి. కూర్చున్నావా? పరదా గుడ్డ కోసం పట్నం వెళ్ళి మర్నాడు వచ్చావు కదా. అప్పుడు నేను ఊరికే కూర్చోలేదు. ఇద్దరు కూలీలను పిలిచాను. వరండాను జాకీ మీద ఎత్తి, ఆ నాలుగు గుంజల కింది రాళ్ళు పీకి అవతల పారేశాను. గోతులు తవ్వించి, ఇనుప చువ్వలు అల్లి, కాంక్రీటు పోశాను. గుంజలకూ దానికీ బోల్టులు బిగించాను. నువ్వు వచ్చేలోగా మట్టి కప్పి, పైన ఆకులు చల్లాను. నీకే తెలియలేదు చూశావా! మట్టి తీసి చూసుకో. ఏ వానకూ, ఏ గాలికీ ఆ వరండా కదలదు. ఇక నీ ఇంటిని ఎవడు లాగుతాడో లాగమను.

చెల్లెలికి నేనిచ్చిన కానుక అనుకో. డబ్బుల మాట ఎత్తావంటే ఊరుకోను.

మీ అన్న


సరస్సు ఒడ్డు.

అన్నయ్యా,

మట్టి తీసి చూశాను.

నీకు ఒకటి చెప్పకుండా దాచాను. ఇప్పుడు చెప్పక తప్పదు. ఇల్లు నా చేతికి వచ్చింది గానీ లీజు ఇంకా నా పేరుకు మారలేదు. కొత్తగా కొన్నవాళ్ళు ఇంటిని, నేలను ఎలా చూసుకుంటున్నారో కొన్నాళ్ళు గమనించి, అప్పుడు గొర్రెలావిడ సంతకం పెడుతుంది. అది పెడితేనే అమ్మకం చెల్లుతుంది. పెట్టకపోతే నేను ఇల్లు ఖాళీ చెయ్యాలి. కట్టిన డబ్బులో అమ్మినాయన ఎంత తిరిగిస్తాడో ఆయన దయ. ఈ మాట ముందే రాస్తే రంకెలు వేస్తావని రాయలేదు.

లీజులో ఆవిడ పెట్టిన మొదటి షరతే ఇది: ఇంటిని నేలకు బిగించకూడదు.

నీ ఉత్తరం చదివి, మట్టి తీసి చూసిన వెంటనే చెప్పులేసుకుని ఆవిడ ఇంటికి వెళ్ళాను. గొర్రెల బొచ్చు కత్తిరిస్తోంది. "మా అన్నయ్య వరండా కింద కాంక్రీటు పోశాడు. నాకు ఇవాళే తెలిసింది," అన్నాను. కత్తెర ఆపలేదు. ఆ గొర్రెను పూర్తి చేసి వదిలేసి, అప్పుడు నా వైపు చూసింది. "వానలు పడేలోగా తీయించు. లేకపోతే వేరే చోటు చూసుకో," అంది. అంతే. కేకలు వేసినా బాగుండేది.

రేపటి నుంచి పగలగొట్టిస్తున్నాను. నీకు తెలియాలని రాశాను.

పొట్టి


మా ఇంటి నుంచి.

పొట్టీ,

పగలగొట్టిస్తావా? నా పనినా?

నేను పోసింది పగలగొట్టినవాడు ఇంతవరకు పుట్టలేదు. ఆ గొర్రెలావిడకు పునాది గురించి ఏం తెలుసు? గొర్రె బొచ్చు కత్తిరించుకోమను. ఇల్లు గట్టిగా ఉండటం తప్పని రాసిన కాగితం ఎక్కడైనా ఉంటుందా? నన్ను రమ్మంటే వచ్చి ఆవిడతో మాట్లాడతాను. పగలగొట్టడానికి మాత్రం రాను. నన్ను అడగకు.

ముందే చెప్పి ఉంటే పోసేవాణ్ణి కాదు. నువ్వు దాచావు. నేనూ దాచే పోశాను, అది వేరే సంగతి.

మీ అన్న

వదిన రాస్తున్నది: మీ అన్నయ్య పోస్టులో వెయ్యమని ఇచ్చి పంపితే దారిలో రాస్తున్నాను. నీ ఉత్తరం వచ్చినప్పటి నుంచి సరిగ్గా తినడం లేదు. పనిముట్ల సంచి విప్పడం, సర్దడం, మళ్ళీ విప్పడం. నేను రాసినట్టు చెప్పకు.


సరస్సు ఒడ్డు,
ఆకాశం మూసుకుని ఉంది.

అన్నయ్యా,

నాకు నీ మీద కోపం లేదు. వచ్చింది, పోయింది. ఎలా పోయిందో చెబుతాను.

నువ్వు పిలిచిన ఆ ఇద్దరు కూలీలనే పిలిచాను. "మేస్త్రి పోయించినప్పుడే అనుకున్నాం, ఇది మళ్ళీ ఊడదని," అన్నారు. పొద్దుటి నుంచి సమ్మెట వేశారు. నిప్పురవ్వలు లేచాయి గానీ పెచ్చు లేవలేదు. సమ్మెట కర్ర విరిగింది. మర్నాడు ఇంకో ఇద్దరు వచ్చారు. అందులో ఒకడు కాంక్రీటు మీద చెయ్యి వేసి నిమిరి, "ఎవరు పోశారమ్మా ఇది? మా ఊళ్ళో వంతెన కూడా ఇంత శ్రద్ధగా కట్టలేదు," అన్నాడు. "మా అన్నయ్య," అన్నాను. ఆ మాట అంటుంటే గొంతులో గర్వం ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. నా ఇల్లు పోయేలా ఉంది, నేనేమో కూలీల ముందు మా అన్నయ్య గొప్పలు చెబుతున్నాను! అక్కడే నవ్వొచ్చింది. కోపం అక్కడే పోయింది.

వాళ్ళూ మానేసి వెళ్ళిపోయారు. నేనే ఉలి పట్టుకుని కూర్చున్నాను. పిడికెడు పొడి రాలింది, బొటనవేలు వాచింది.

అన్నయ్యా, ఏ కుట్టయినా కుట్టినవాళ్ళకు తెలుస్తుంది, ఏ దారం లాగితే మొత్తం ఊడుతుందో. నీకు తెలియకుండా ఉండదు. నువ్వు రావద్దులే. ఎక్కడ కొట్టాలో రాసి పంపు, చాలు. వానలు దగ్గర పడ్డాయి.

నీ పొట్టి


మా ఇంటి నుంచి,
తిరిగి వచ్చిన మర్నాడు.

పొట్టీ,

చేరాను. సమ్మెట కొట్టి కొట్టి చేతులు ఇంకా అదురుతున్నాయి, అందుకే అక్షరాలు ఇలా ఉన్నాయి. మామూలుగా ఇంతకంటే బాగా రాస్తాను.

ఎక్కడ కొట్టాలో రాసి పంపడమేమిటి? అది రాస్తే వచ్చే పనా? అందుకే నేనే నీ దగ్గరికి వచ్చాను. వేరే కారణం ఏమీ లేదు.

నువ్వు లోపల ఉన్నప్పుడు ఆ గొర్రెలావిడ వచ్చింది. నేను మూడో గుంజ దగ్గర గోతిలో ఉన్నాను. ఆవిడతో పాటు నాలుగు గొర్రెలు కూడా గోతి చుట్టూ చేరి నన్ను చూస్తున్నాయి.

"మేస్త్రి మీరేనా?" అంది.

"నేనే."

"బాగా పోశారు."

"తెలుసు."

"అంత బాగా పోసి ఎందుకు పగలగొడుతున్నారు?"

"మా చెల్లి అడిగింది."

"ముందు అడిగింది నేను కదా?"

"మీరు అడిగితే కొట్టేవాణ్ణి కాదు."

నవ్విందే ఆవిడ! పళ్ళు సగం లేవు. గోతిలో నుంచి బయటికి రమ్మంది. ఒడ్డు దాకా తీసుకెళ్ళి నీళ్ళలోకి చూపించింది. నువ్వు చూశావో లేదో, ఒడ్డుకు కాస్త అవతల నీళ్ళలో నాలుగు మెట్లు, వాటి వెనక ఒక గట్టు ఉన్నాయి. పక్షులు వాలి ఉన్నాయి. ఆవిడ పెళ్ళయి వచ్చిన కొత్తలో అక్కడ ఇల్లు ఉండేదట. ఒడ్డు అంత దూరం ఉండేదన్నమాట. ఆ ఇంటాయన ఎవరి మాటా వినకుండా పునాది పోయించాడట. వానలకు ఒడ్డు జారినప్పుడు వరసలో ఇళ్ళన్నీ వెనక్కి నడిచి వచ్చాయి, ఆ ఒక్కటి రాలేకపోయింది. మనుషులు కిటికీలో నుంచి దూకి బతికారట. అప్పటి నుంచి ఆ షరతు.

నేను చాలాసేపు చూశాను. ఆ పునాది పోసినవాడు ఎవడోగానీ పనిమంతుడు. ఇన్నేళ్ళు నీళ్ళలో ఉన్నా ఒక్క బీట లేదు. పునాది అలాగే ఉంది. ఇల్లే లేదు.

వెనక్కి వచ్చి నాలుగో గుంజ కింద ఇంకా గట్టిగా కొట్టాను. నువ్వు కిటికీలో నుంచి చూసి, నాకు ఆవిడ మీద కోపం వచ్చిందనుకున్నావు. కాదు.

వెళ్ళేటప్పుడు ఆవిడ ఒక మాట అంది. నీకు చెప్పమని అనలేదు, అయినా చెబుతున్నాను. "ఈ నేల మీద తప్పులు చేసిన వాళ్ళను చాలామందిని చూశాను. నేను పట్టుకోకముందే వచ్చి చెప్పినావిడను ఇప్పుడే చూస్తున్నాను," అంది. అందులో నా వంతు తప్పు చెయ్యడం ఒక్కటే. మిగతాది నీది.

నేను పారేసిన రాళ్ళను మళ్ళీ నేనే ఏరి పేర్చాను కదా, ఎడమ వైపు చివరి గుంజ కింద పలచటి రాయి ఒకటి పెట్టాను. వానలో అది కుదురుకుంటుంది. కుదురుకోకపోతే నాకు ఉత్తరం రాయి.

మీ అన్న


సరస్సు ఒడ్డు,
వానలు వెలిసిన వారం.

అన్నయ్యా,

ఇన్నాళ్ళూ రాయలేదని తిట్టకు. తిట్టడం మొదలుపెట్టేలోగా ఇది చదువు.

నువ్వు వెళ్ళిన కొద్ది రోజులకే గొర్రెలావిడ వచ్చింది. వంగలేదు, ఇంటి కింద చూడలేదు. వరండాలో కూర్చుని కాగితాల మీద సంతకం పెట్టింది. లీజు నా పేరున ఉంది. ఆ మర్నాటి నుంచే వాన.

అలాంటి వాన నేనెప్పుడూ చూడలేదు. తెరిపి ఇచ్చాక చూస్తే, వరండా మెట్లకూ ఒడ్డుకూ మధ్య ఒక మంచం పట్టేంత చోటు మిగిలింది. గొర్రెలావిడ ఇళ్ళు లాగే మేస్త్రిని పిలిపించింది. పక్క ఇళ్ళవాళ్ళంతా దుంగలు మోసుకొచ్చారు. పిలవకుండానే వచ్చారు. రేపు వాళ్ళ ఇళ్ళకు నేను వెళ్ళాలి, అదే ఇక్కడి పద్ధతి.

జాకీలు పెట్టాక ఆ మేస్త్రి, "లోపల ఒక మనిషి ఉండాలి," అన్నాడు. హాలు మధ్యలో వెడల్పు గిన్నెలో నీళ్ళు పోసి పెడతారు. ఇల్లు కదులుతుంటే ఆ నీళ్ళు ఏ వైపు అంచుకు ఎక్కుతున్నాయో చూసి, కిటికీలో నుంచి అరవాలి. ఆ అరుపును బట్టి వాళ్ళు ఆ వైపు జాకీ తిప్పుతారు. ఎవరుంటారని అడిగితే కుర్రాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఇల్లు నాది. నేనే వెళ్ళాను.

ఎలా ఉందని అడుగుతావు. ఇల్లంతా ముసలిదానిలా మూలిగింది. కిటికీలో చెట్టు నెమ్మదిగా పక్కకు జరిగింది. జరిగింది చెట్టు కాదు, నేను! ఒక అడుగు లాగి, ఆపి, దుంగలు సర్దుతారు. ఆ మధ్యలో ఊరికే కూర్చోలేక, వంటగది పరదా అంచు మిగిలి ఉంటే కుట్టుకున్నాను. మళ్ళీ లాగేటప్పుడు సూది గుచ్చి పక్కన పెట్టి, గిన్నె ముందు కూర్చుని, "ఎడమ! ఎడమ!" అని అరవడం. గొంతు పోయింది. గిన్నెలో నీళ్ళు ఒక్క చుక్క ఒలకలేదు.

చీకటి పడేలోగా ఇల్లు పైకి వచ్చి కూర్చుంది. వరండా కూడా ఇంటితో పాటే వచ్చింది. మనం నిలబడి మాట్లాడుకున్న చోటు ఇప్పుడు నీళ్ళలో ఉంది.

నిన్న మొదటి అద్దెవాళ్ళు వచ్చారు. ఒక టీచరమ్మ, వాళ్ళ అమ్మ. పొద్దున లేచి, "ఎంత బాగా నిద్ర పట్టిందో!" అంటోంది ఆ పెద్దావిడ. ఎందుకో నేను చెప్పలేదు. గుండీల సంగతి నీకు తెలుసు కదా.

నీ పొట్టి


మా ఇంటి నుంచి.

ఒసేయ్ పొట్టీ,

నీ ఉత్తరం మీ వదినకు నేను చదివాను. తరవాత మీ వదిన నాకు చదివింది. తరవాత కంకర కొట్టు దగ్గరికి పట్టుకెళ్ళి నా వయసు మేస్త్రులందరికీ చదివాను. ఒకడు నమ్మలేదు. "ఇల్లు కదులుతుంటే లోపల కూర్చుని పరదా కుట్టుకుందా? అబద్ధం!" అన్నాడు. వాడితో ఇక మాట్లాడను.

నేను జీవితమంతా ఇళ్ళు కదలకుండా చేశాను. కదిలే ఇంట్లో కూర్చునే గుండె నాకు ఉండేదో లేదో తెలియదు. నీకు ఉంది. మన ఇంట్లో గట్టిదానివి నువ్వే. ఇది నేను పూర్తి తెలివితో రాస్తున్నాను, మీ వదిన సాక్షి.

ఒక మనవి. ఈసారి ఇల్లు లాగాల్సి వస్తే నాకు ముందుగా రాయి. దుంగలు మొయ్యలేను, జాకీ తిప్పలేను, అవి కుర్రాళ్ళకు వదిలెయ్యి. నువ్వు నిశ్చింతగా పరదా కుట్టుకో. గిన్నె ముందు నేను కూర్చుంటాను. అరవడం నాకు నీకంటే బాగా వచ్చు.

మీ అన్న